మురుగునీటి శుద్ధి కేంద్రం ఆధునికీకరణ: లెక్క బురద నుంచి మొదలుపెట్టాలి

పాత మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని ఆధునికీకరించాలని ఏ నగరం నిర్ణయించుకున్నా, మొదటి సమావేశంలోనే చర్చ ఎరేషన్ ట్యాంకుల (సూక్ష్మజీవులకు గాలి ఊదే ట్యాంకుల) మీదికి వెళ్ళిపోతుంది. ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంకులో వంతులవారీగా గాలి ఊది, బురదను దింపే పద్ధతి) పెట్టాలా, ఎంబీబీఆర్ (తేలే ప్లాస్టిక్ ముక్కల మీద సూక్ష్మజీవులను పెంచే పద్ధతి) పెట్టాలా, మెంబ్రేన్ (అతి సన్నని వడపోత పొర) పెట్టాలా అన్న ప్రశ్నలకే సమయమంతా సరిపోతుంది. బురద సంగతి ప్రాజెక్టు నివేదిక చివరి పేజీలకు చేరి, మిగిలిన డబ్బుతో, మిగిలిన మూల స్థలంలో ముగుస్తుంది. ఈ వ్యాసంలో సూచించే వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది, దానికి కారణం ఉంది. శుద్ధి కేంద్రం చేసే పని ప్రధానంగా నీటిలో కరిగి ఉన్న మలినాన్ని సూక్ష్మజీవుల ద్వారా ఘనపదార్థంగా మార్చి నీటి నుంచి వేరుచేయడం. ఆ ఘనపదార్థమే బురద. అది ఏ రోజుది ఆ రోజు గేటు దాటి బయటికి పోకపోతే ఎరేషన్ ట్యాంకులోనే పేరుకుంటుంది. లీటరుకు 3,000 మిల్లీగ్రాములు ఉండవలసిన జీవపదార్థం 6,000కు చేరుతుంది, క్లారిఫయర్ (బురదను అడుగుకు దింపి నీటిని తేర్చే ట్యాంకు) దాన్ని పట్టి ఉంచలేక అంచు మీదుగా నదిలోకి వదిలేస్తుంది. అందువల్ల బోర్డు మీద ఎన్ని ఎంఎల్‌డీలని (ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు) రాసి ఉన్నా, ఒక కేంద్రం అసలు సామర్థ్యం అది రోజుకు ఎంత బురదను పిండి పంపగలదో అంతే.

ముందు ఉన్నదాన్ని కొలవాలి

హైదరాబాదు అనుభవాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మూసీ కాలుష్య నివారణకు జాతీయ నదుల పరిరక్షణ ప్రణాళిక కింద అంబర్‌పేటలో 339, నాగోలులో 172, అత్తాపూర్ దగ్గర నంది ముసలాయిగూడలో 51, నల్లచెరువు వద్ద 30 ఎంఎల్‌డీల కేంద్రాలు వచ్చాయి. 2021 నాటికి నగరంలో ఉన్న 25 కేంద్రాల సామర్థ్యం 772 ఎంఎల్‌డీలు మాత్రమే కావడంతో, 1,259.5 ఎంఎల్‌డీలతో మరో 31 కేంద్రాలకు 3,866 కోట్ల రూపాయల అంచనాతో అనుమతి లభించింది. అంబర్‌పేటలో పాత కేంద్రం ఉన్నచోటే 212.5, నాగోలులో 320 ఎంఎల్‌డీల కొత్త కేంద్రాలు ఈ ప్రణాళికలో భాగం. అంటే పాతదాన్ని, కొత్తదాన్ని ఒకే ఆవరణలో నడిపించే సమస్య ఇక్కడ ఊహాత్మకమైనది కాదు.

కొత్త డిజైనుకు ముందు కనీసం ఒక ఏడాది కొలతలు ఉండాలి. గంటకోసారి నమూనా తీసి ప్రవాహాన్ని బట్టి కలిపిన 24 గంటల నమూనానే పరీక్షించాలి. పొద్దున పది గంటలకు బకెట్‌తో తీసిన ఒక్క నమూనాను నమ్మి డిజైను చేయకూడదు. ఎండాకాలంలో, వానాకాలంలో విడివిడిగా కొలవాలి. సంక్రాంతికి నగరం సగం ఖాళీ అయ్యే రోజులను కూడా వదలకూడదు, ఎందుకంటే అతి తక్కువ ప్రవాహంలో బ్లోయర్లు (గాలి ఊదే యంత్రాలు) ఎంతవరకు తగ్గగలవో తెలిసేది ఆ వారంలోనే.

కొలతను జనాభా లెక్కతో సరిచూడటం తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 2013 మాన్యువల్ ప్రకారం సరఫరా చేసిన నీటిలో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది, మనిషికి రోజుకు 27 గ్రాముల బీఓడీ (మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, అంటే మలినం ఎంతుందో చెప్పే కొలత) పడుతుంది. ఏడు లక్షల జనాభాకు సుమారు 19 టన్నుల బీఓడీ రావాలి. 100 ఎంఎల్‌డీల ప్రవాహంలో అది లీటరుకు 190 మిల్లీగ్రాములు. ప్రయోగశాల 90 చూపిస్తుంటే సంతోషించనక్కరలేదు. నాలాల నుంచి మళ్ళించిన నీటిలో వాననీరో ఊటనీరో కలుస్తోందని, లేదా సగం ఇళ్ళ మురుగు అసలు కేంద్రానికే చేరడం లేదని అర్థం. అలాంటప్పుడు కేంద్రాన్ని పెద్దది చేయడం కంటే పైపులైన్ల మీద, ఇంటి కనెక్షన్ల మీద ఖర్చు పెట్టడమే మేలు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదికలో దేశంలోని పట్టణాల్లో పుట్టే మురుగు 72,368 ఎంఎల్‌డీలు, నెలకొల్పిన శుద్ధి సామర్థ్యం 31,841 ఎంఎల్‌డీలు, నిజంగా శుద్ధి అయినది 20,236 ఎంఎల్‌డీలు. కట్టినదానికీ నడిచినదానికీ మధ్య ఉన్న ఈ తేడాను మీ నగరంలో ముందు తేల్చుకోవాలి.

ఏ ప్రమాణానికి కట్టాలి

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017 అక్టోబరు నోటిఫికేషన్ మెట్రో నగరాలకు బీఓడీ పరిమితిని లీటరుకు 20, ఇతర ప్రాంతాలకు 30 మిల్లీగ్రాములుగా పెట్టింది. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ దీన్ని కఠినతరం చేసి బీఓడీ 10, తేలియాడే ఘనపదార్థాలు 20, సీఓడీ (మలినాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) 50, మొత్తం నైట్రోజన్ 10, మొత్తం ఫాస్ఫరస్ 1 మిల్లీగ్రాముగా నిర్దేశించింది. ఇప్పుడు కట్టే ప్రతి కేంద్రాన్నీ ఈ రెండో జాబితాకే డిజైను చేయడం వివేకం. ఈ జాబితాలో అసలు బరువు బీఓడీది కాదు, నైట్రోజన్‌ది. ఒక కిలో అమోనియా నైట్రోజన్‌ను నైట్రేటుగా మార్చడానికి 4.57 కిలోల ఆక్సిజన్ కావాలి. లీటరుకు 30 మిల్లీగ్రాముల అమోనియా ఉంటే దానికే 137 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. ఇది బీఓడీకి కావలసినదానిలో సగానికి పైమాటే. కొంత భాగం నైట్రేటు విచ్ఛిత్తి (నైట్రేటును వాయువుగా మార్చే) దశలో తిరిగి దక్కుతుంది కాని, పాత బ్లోయర్లనే ఉంచుకుని కొత్త ప్రమాణం అందుకుంటామనే అంచనా నిలవదు.

అంబర్‌పేట పాత కేంద్రంలో ఉన్నది యూఏఎస్‌బీ పద్ధతి. గాలి ఊదకుండా, మురుగును కింది నుంచి పైకి బురద పొర గుండా పంపి ఆక్సిజన్ లేని చోట శుద్ధి చేసే ఈ విధానానికి కరెంటు ఖర్చు తక్కువ కావడం వల్ల ఒకప్పుడు దేశమంతటా ఆదరణ దొరికింది. దాన్ని ఆధునికీకరించేటప్పుడు ఒక చిక్కుంది. యూఏఎస్‌బీ రియాక్టరు కార్బన్‌ను తినేస్తుంది గాని నైట్రోజన్‌ను దాదాపు ముట్టుకోదు. తరవాతి దశలో నైట్రేటును వాయురూపంలోకి పంపే సూక్ష్మజీవులకు కార్బనే ఆహారం కనుక, అంతా యూఏఎస్‌బీ గుండా పంపితే అవి ఆకలితో ఆగిపోతాయి. పాత రియాక్టర్లను ఉంచుకోదలచినవారు పచ్చి మురుగులో కొంత భాగాన్ని నేరుగా అనాక్సిక్ ట్యాంకుకు (గాలి ఊదకుండా నైట్రేటును విడగొట్టే ట్యాంకుకు) మళ్ళించే పైపును డిజైనులోనే పెట్టుకోవాలి. అది సాధ్యం కాని చోట పాత రియాక్టర్లను వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కాంక్రీటు దండగవుతుందన్న బాధ కొద్ది కాలమే ఉంటుంది, బయట నుంచి కార్బన్ కొని పోసే ఖర్చు మాత్రం ప్రతి నెలా వస్తుంది. పైగా పాత రియాక్టర్ల కాంక్రీటును హైడ్రోజన్ సల్ఫైడ్ ఎంత తినేసిందో చూడకుండా దాని మీద కొత్త నిర్మాణం ఆలోచించకూడదు.

ముఖద్వారం

మురుగు కేంద్రంలోకి వచ్చే ఈ చోటు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు కాని, చెప్పేది కచ్చితంగా పాటించాలి. నాలా నుంచి వచ్చే నీటిలో పాలిథీన్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు, వెంట్రుకలు, గుడ్డ పీలికలు ఉంటాయి. ఇవి పంపు ఇంపెల్లరుకు తాడులా చుట్టుకుంటాయి. 6 మిల్లీమీటర్ల ఆటోమేటిక్ జల్లెడ కనీసం, మెంబ్రేన్ పెట్టేవారికి ఇంకా సన్ననిది కావాలి. వాటికి తోడు 0.15 మిల్లీమీటర్ల ఇసుకను కూడా పట్టే గ్రిట్ చాంబర్ ఉండాలి. గ్రిట్ వ్యవస్థలో ఆదా చేసిన ప్రతి రూపాయి డైజెస్టర్ (బురదను గాలి లేకుండా జీర్ణం చేసి గ్యాస్ తీసే ట్యాంకు) అడుగున ఇసుక మేటగా తిరిగి వస్తుంది.

బురద లెక్క

ఇప్పుడు అసలు విషయం. 100 ఎంఎల్‌డీల కేంద్రానికి లీటరుకు 200 మిల్లీగ్రాముల బీఓడీ వస్తోందనుకుందాం. రోజుకు 20 టన్నుల బీఓడీ. ప్రాథమిక (మురుగును తేర్చే), ద్వితీయ (సూక్ష్మజీవులతో శుద్ధి చేసే) దశలు రెండూ కలిపి కిలో బీఓడీకి 0.8 కిలోల ఎండు బురద వస్తుందని తీసుకుంటే రోజుకు 16 టన్నులు. వినడానికి ఇది కొద్దిగానే కనిపిస్తుంది. అయితే క్లారిఫయర్ అడుగు నుంచి వచ్చే బురదలో ఘనపదార్థం ఒక శాతమే కనుక అది 1,600 ఘనపు మీటర్లు. థికెనర్‌లో చిక్కబరిచి 5 శాతానికి తెస్తే 320 ఘనపు మీటర్లు. సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి నీటిని వేరుచేసే యంత్రంలో) పిండి 20 శాతానికి తెస్తే 80 టన్నుల కేకు (పిండిన బురద ముద్ద), అంటే పది టన్నుల టిప్పర్లు రోజుకు ఎనిమిది. ఆ ఎనిమిది టిప్పర్లు ఎక్కడికి వెళ్తాయి, దారిలో ఏ కాలనీ ఉంది, వానాకాలంలో ఆ దారి ఎలా ఉంటుంది అన్నవి టెండరు పిలవకముందే కాగితం మీద ఉండవలసిన విషయాలు.

యంత్రాలను రోజుకు 24 గంటలు నడుస్తాయన్న లెక్కతో ఎంచుకోకూడదు. 16 గంటల్లో పూర్తి బురదను పిండగలిగే సామర్థ్యం, దానికి అదనంగా ఒక స్టాండ్‌బై, రెండు మూడు రోజుల బురదను నిల్వ ఉంచే సంపు కావాలి. సెంట్రిఫ్యూజ్ తక్కువ స్థలంలో పని చేస్తుంది కాని కరెంటు ఎక్కువ తింటుంది, బేరింగులు పోతే మరమ్మతుకు బయటికి పంపవలసి వస్తుంది. స్క్రూ ప్రెస్ నెమ్మదిగా తిరుగుతుంది, కరెంటు తక్కువ, స్థానిక ఫిట్టరు బాగుచేయగలడు. మధ్యస్థ పట్టణాలకు నేను స్క్రూ ప్రెస్ వైపే మొగ్గుతాను. పాత పద్ధతిలోని ఇసుక బెడ్లు మన ఎండలకు చక్కగా పనిచేస్తాయి, అయితే జూన్ నుంచి అక్టోబరు వరకు వాటి మీద ఆధారపడలేము, పైగా అంత స్థలం నగరంలో దొరకదు. పైకప్పు వేసి సౌరశక్తితో ఆరబెట్టే షెడ్లు ఆ లోటును కొంతవరకు తీరుస్తాయి.

బురదను ముద్దకట్టించే పాలీమర్ మోతాదును సరఫరాదారు చెప్పినంత పోయడం సాధారణంగా జరిగే పొరపాటు. టన్ను ఎండు బురదకు 5 కిలోల చొప్పున లెక్కించినా పై కేంద్రానికి రోజుకు 80 కిలోలు, ఏడాదికి దాదాపు 29 టన్నులు అవుతుంది కనుక ఇది చిన్న పద్దు కాదు. ప్రతి షిఫ్టులో నాలుగైదు బీకర్లలో బురద తీసుకుని, వేర్వేరు మోతాదుల్లో పాలీమర్ ద్రావణం కలిపి, మెల్లగా తిప్పి, ముద్దలు ఎక్కడ గట్టిపడి నీరు తేటగా విడిపోతోందో చూడాలి. యంత్రం దగ్గర ముందుగా చూడవలసింది కేకును కాదు, పిండగా వచ్చే నీటిని. అది నల్లగా, చిక్కగా పోతుంటే పట్టుకున్నామనుకున్న ఘనపదార్థం తిరిగి కేంద్రం మొదటికే వెళ్తోందన్న మాట. కేకును పిడికిట్లో నొక్కితే వేళ్ళ సందుల్లోంచి జారకూడదు, చేతికి జిగటగా సాగితే పాలీమర్ ఎక్కువైంది.

డైజెస్టర్ ఎప్పుడు పెట్టాలన్నది తరచూ తప్పుగా తేల్చే ప్రశ్న. పై 16 టన్నుల్లో 70 శాతం, అంటే 11.2 టన్నులు సేంద్రియ పదార్థం అనుకుంటే, 20 రోజుల నిల్వలో అందులో 45 శాతం కరిగిపోతుంది. దాని నుంచి రోజుకు దాదాపు 4,500 ఘనపు మీటర్ల బయోగ్యాస్, దాంతో సుమారు 9,000 యూనిట్ల కరెంటు వస్తాయి. మిగిలే ఎండు బురద 11 టన్నులు, కేకు 80 టన్నుల నుంచి 55 టన్నులకు దిగుతుంది. ఇందుకు కావలసిన డైజెస్టర్ 6,400 ఘనపు మీటర్లు. డైజెస్టరుకు కావలసిన 35 డిగ్రీల వేడిని నిలపడం మన వాతావరణంలో చలిదేశాలంత ఖరీదు కాదు. చెన్నై కోయంబేడు, కొడుంగయ్యూరు కేంద్రాలు చాలాకాలంగా ఇలా కరెంటు తీస్తున్నాయి. అయితే ఇదంతా ప్రైమరీ క్లారిఫయర్ ఉన్న కేంద్రానికి వర్తించే లెక్క. ప్రైమరీ దశ లేకుండా ఎక్కువ రోజులు గాలి ఊదే ఎస్‌బీఆర్‌లో బురద అప్పటికే సగం జీర్ణమై ఉంటుంది, దాని నుంచి గ్యాస్ అంతగా రాదు. చిన్న ఎస్‌బీఆర్ పక్కన డైజెస్టర్ కట్టడం అలంకారమే అవుతుంది. అలాంటి చోట్ల నాలుగైదు కేంద్రాల బురదను ఒక పెద్ద కేంద్రానికి తరలించి అక్కడ డైజెస్టర్ నడపడం గురించి ఆలోచించవచ్చు.

డైజెస్టర్ పెట్టినవారు మరచిపోయే సంగతి ఒకటుంది. జీర్ణమైన బురదను పిండిన నీటిలో అమోనియా చాలా గాఢంగా ఉంటుంది. పరిమాణంలో అది ప్రవాహంలో ఒక శాతం ఉన్నా, కేంద్రం మీద పడే నైట్రోజన్ భారంలో 15 నుంచి 20 శాతం వరకు దానిదే కావచ్చు. పగటి షిఫ్టులో మాత్రమే బురద పిండి ఆ నీటిని ఒక్కసారిగా ఇన్‌లెట్‌లోకి వదిలితే సాయంత్రం నమూనాలో అమోనియా ఎగబాకుతుంది, కారణం కోసం అందరూ బ్లోయర్లను తిట్టుకుంటారు. ఆ నీటిని ఒక ట్యాంకులో పట్టి రాత్రి తక్కువ ప్రవాహ వేళ నెమ్మదిగా వదలడం చవకైన పరిష్కారం.

కేకు గమ్యం విషయంలో ఎరువుగా వాడాలంటే 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కంపోస్టుకు పెట్టిన పరిమితులే దిక్సూచి. కిలోకు కాడ్మియం 5, సీసం 100, క్రోమియం 50, నికెల్ 50 మిల్లీగ్రాములు దాటరాదు. పారిశ్రామికవాడ మురుగు కలిసే చోట ఈ పరీక్ష తరచూ విఫలమవుతుంది. దానికి మందు బురద దగ్గర లేదు, పైన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంది. రోగకారక క్రిముల విషయంలో అమెరికా 1993లో పెట్టిన ‘క్లాస్ ఎ’ ప్రమాణం, అంటే గ్రాము ఎండు బురదకు 1,000 లోపు ఫీకల్ కోలిఫాం (మలంలో ఉండే బాక్టీరియా), ఇక్కడి టెండర్లలోనూ కనిపిస్తుంది. దాన్ని సున్నంతోనో, వేడితోనో, కంపోస్టింగ్‌తోనో సాధించవచ్చు. అహ్మదాబాదులో భాభా అణు పరిశోధన కేంద్రం సాంకేతికతతో కోబాల్ట్-60 కిరణాల ద్వారా బురదను క్రిమిరహితం చేస్తున్నారు. మూసీ దిగువన పారాగడ్డి, వరి సాగు చేసే రైతులు దశాబ్దాలుగా ఈ నీటితోనే బతుకుతున్నారు కనుక, పరీక్షా ఫలితాలను తెలుగులో ముద్రించి, లోడుతో పాటు వారి చేతికి ఇవ్వాలి.

బురద సంపులు, డైజెస్టర్ వాల్వు చాంబర్లు ప్రాణాంతకమైన చోట్లు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దాటితే ముక్కుకు వాసనే తెలియదు, వాసన లేదు కదా అని దిగినవారే పడిపోతారు. కొత్త డిజైనులో మనిషి దిగవలసిన అవసరమే లేకుండా పంపును గైడ్ రైలు మీద పైకి లాగే ఏర్పాటు, శాశ్వత గ్యాస్ డిటెక్టర్లు, బలవంతపు గాలి ప్రసరణ ఉండి తీరాలి. మురుగు కాలువలను, సెప్టిక్ ట్యాంకులను మనుషులతో ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది.

నడుస్తున్న కేంద్రాన్ని మార్చడం

మురుగు రాక ఒక్క గంట కూడా ఆగదు. అందువల్ల పనుల వరుసలో మొదట కొత్త బురద విభాగాన్ని కట్టి, పాత కేంద్రం బురదతోనే దాన్ని నడిపించాలి. దీనివల్ల పాత ట్యాంకుల్లో ఏళ్ళుగా పేరుకున్నది ఖాళీ అవుతుంది, పాత కేంద్రమే కొంత మెరుగుపడుతుంది, సిబ్బందికి కొత్త యంత్రాలు అలవాటవుతాయి. ఆ తరవాత జీవశుద్ధి ట్యాంకుల్లో సగాన్ని ఖాళీ చేసి డిఫ్యూజర్లు (గాలిని బుడగలుగా వదిలే పరికరాలు), మిక్సర్లు, గోడలు మార్చాలి. ఆ కాలంలో మిగిలిన సగం మీద భారం రెట్టింపవుతుంది కనుక ఈ పనిని ప్రవాహం తక్కువగా ఉండే ఎండాకాలానికి కుదర్చాలి. కొత్త ట్యాంకును నీటితో నింపి సూక్ష్మజీవులు వాటంతట అవి పుట్టేవరకు చూడకుండా, బాగా నడుస్తున్న కేంద్రం నుంచి ట్యాంకర్లలో చురుకైన బురదను తెచ్చి పోస్తే వారాలు కలిసివస్తాయి.

బురద ఆరోగ్యాన్ని తెలుసుకోవడానికి ఖరీదైన సెన్సరు కంటే లీటరు గాజు గొట్టం నమ్మకమైనది. ఎరేషన్ ట్యాంకు నుంచి లీటరు ద్రవం తీసి 30 నిమిషాలు కదపకుండా ఉంచాలి. బురద 250 మిల్లీలీటర్ల గీతకు దిగి, అప్పటి ఘనపదార్థం లీటరుకు 2,500 మిల్లీగ్రాములు ఉంటే సూచిక (మిల్లీలీటర్లను గ్రాములతో భాగిస్తే వచ్చేది) 100, ఇది మంచి బురద. సూచిక 150 దాటుతుంటే దారపు పోగుల్లాంటి సూక్ష్మజీవులు పెరుగుతున్నాయేమో మైక్రోస్కోపులో చూడాలి. 30 నిమిషాల తరవాత అదే గొట్టాన్ని మరో గంట వదిలేసినప్పుడు బురద గడ్డగా పైకి తేలితే, క్లారిఫయర్ అడుగున నైట్రేటు వాయువుగా మారుతోందని, బురదను ఇంకా వేగంగా తోడాలని తెలుస్తుంది. ఎస్‌బీఆర్ కేంద్రాల్లో పీఎల్‌సీ (యంత్రాలను నడిపే నియంత్రణ కంప్యూటరు) తెర మీద అంతా పచ్చగా ఉన్నా ఈ పరీక్షను ప్రతి షిఫ్టులో చేయించి రిజిస్టరులో రాయించాలి. కేంద్రం కరెంటులో సగానికి పైగా బ్లోయర్లదే కనుక, వాటికి వేగాన్ని మార్చే డ్రైవులు, ఆక్సిజన్ సెన్సర్లు పెట్టడం తప్పనిసరే. ఆ సెన్సర్ల మీద వారానికోసారి పాకుడు తుడవకపోతే అవి ఆక్సిజన్ చాలడం లేదని చెబుతూనే ఉంటాయి, బ్లోయర్లు పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటాయి.

ఒప్పందం, స్వీకరణ

నమామి గంగే ప్రాజెక్టుల్లో వాడిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో నిర్మాణ వ్యయంలో 40 శాతం కట్టేటప్పుడు, 60 శాతం 15 ఏళ్ళ నిర్వహణ కాలంలో చెల్లిస్తారు. కట్టినవారే నడిపే బాధ్యత మోయడం ఇందులో మంచి సంగతి. కాని చెల్లింపును శుద్ధి నీటి నాణ్యతకు మాత్రమే ముడిపెడితే కాంట్రాక్టరుకు బురదను దాచుకోవడమే లాభం. ప్రతి నెలా వేబ్రిడ్జి చీటీలతో బయటికి పోయిన కేకు బరువు, దాని ఘనపదార్థ శాతం రెండూ బిల్లుకు జతచేయాలి. వచ్చిన బీఓడీని బట్టి ఎంత బురద పుట్టాలో ఇంజినీరు లెక్కించి, వెళ్ళిన దానితో పోల్చాలి. తేడా 20 శాతం దాటితే ఆ నెల బిల్లు ఆపి కారణం అడిగే నిబంధన ఉండాలి. శుద్ధి చేసిన నీటికి కొనుగోలుదారును కూడా ఇప్పుడే వెతకాలి. 2016 విద్యుత్ టారిఫ్ విధానం ప్రకారం శుద్ధి కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఆ నీటిని వాడాలి. నాగపూర్ మురుగును శుద్ధి చేసి కోరాడి విద్యుత్ కేంద్రానికి ఇస్తున్నారు.

పనితీరు పరీక్షను పొడి వాతావరణంలో నెల రోజులు జరిపి పూర్తి ధ్రువపత్రం ఇచ్చేసే అలవాటును మానుకోవాలి. ఒక వానాకాలం గడిచి, నాలా నీరు పోటెత్తిన రోజున గ్రిట్ చాంబర్ నిలబడిందో లేదో, వరసగా నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు కేకు షెడ్డులోకి నీరు చేరిందో లేదో, డంపింగ్ స్థలానికి టిప్పర్లు వెళ్ళగలిగాయో లేదో చూసిన తరవాతే చివరి విడత సొమ్ము విడుదల చేయాలని టెండరులోనే రాయాలి.